మత్తు డాక్టరుగారి ఆదివారాలు

మా ఏలూరు ఎవరికైనా నచ్చి తీరుతుందని మా నమ్మకం. నచ్చలేదంటే వాళ్ళు సరిగ్గా చూడలేదని లెక్క. సరిగ్గా చూడలేదంటే చూపించాల్సినవాళ్ళు సరిగ్గా చూపించలేదని లెక్క. ఈ నమ్మకంతోనే మేమొకసారి ఒక మంచి డాక్టరుని ఊళ్ళోంచి దాదాపు తరిమేశాం. కొత్తగా డ్యూటీల్లో చేరిన నర్సు పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదండీ అని అడుగుతుంటారు. వాళ్ళు ఏ కవలల కాన్పు గురించో చెబుతాననుకుంటారు. నేను ఇది చెబుతాను.

నేను ఏలూరులో ఒక చిన్న ప్రసూతి ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌గా పనిచేశాను. పుట్టిందీ, మా చర్చి బడిలో చదివిందీ, పెళ్ళి చేసుకుందీ, రిటైరయిందీ అన్నీ ఈ ఊళ్ళోనే. కొత్త ఊరికి మూటాముల్లె సర్దుకుని వెళ్ళడమంటే ఏమిటో నాకు తెలియదు. నాకే కాదు, మా థియేటర్‌లో ఎవరికీ తెలియదు. మా ఆయాది ఆకివీడు. పెళ్ళయి ఏలూరు రావడమే ఆవిడ చేసిన పెద్ద ప్రయాణం.

మాకు మత్తు డాక్టరు నిలిచేవారు కాదు. ఆపరేషన్ చెయ్యడానికి మా సూపరింటెండెంట్ మేడం ఉన్నారు, ఆవిడ చేతివాసి కొల్లేటి లంకల దాకా తెలుసు. కానీ మత్తు ఇచ్చేవాళ్ళు లేకపోతే ఆ చెయ్యి ఏం చేస్తుంది? ఒకాయన దోమలకి భయపడి వెళ్ళిపోయారు. ఒకాయన భార్యకి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఇంకొకాయన ఏ కారణమూ చెప్పలేదు, సామాను లారీ ఎక్కాకే మాకు తెలిసింది. అలాంటి రోజుల్లో తాడేపల్లిగూడెం నుంచి ఒక డాక్టరుగారిని బతిమాలి పిలిపించుకునేవాళ్ళం. పాపం ఆయనకి అక్కడ సొంత ఆస్పత్రి, తీరిక దొరికితేనే వచ్చేవారు. ఆయన దొరక్కపోతే కేసుని విజయవాడ పంపాల్సిందే.

అలా పంపిన ఒక కేసులో బిడ్డ దారిలోనే పోయింది. ఆ తల్లి తర్వాత మళ్ళీ మా దగ్గరికే చూపించుకోవడానికి వచ్చింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ తర్వాత ఒక వానాకాలం మొదట్లో కొత్త మత్తు డాక్టరుగారు వచ్చారు. అనంతపురం వైపు ఆవిడ, సన్నగా, కళ్ళజోడుతో ఉండేవారు. కాలువ గట్టు వైపు ఒక మేడ మీద వాటా అద్దెకి తీసుకుని ఒక్కరే దిగారు. మాట తక్కువ. మిషన్లు అన్నీ చెబుతున్నా సరే, పేషెంటు తల దగ్గర స్టూలు వేసుకుని, నుదుటి మీద ఒక చెయ్యి పెట్టి, కేసు అయ్యేదాకా కదలకుండా చూస్తూ కూర్చునేవారు. అంతసేపు ఒక్కదాన్నే చూస్తూ కూర్చోగలిగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మా ఆయా మొదటివారంలోనే పెళ్ళి సంగతి అడిగేసింది. ఇప్పుడప్పుడే ఆలోచన లేదమ్మా అని ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఆయా మాత్రం ఊరుకోలేదు, ఆకివీడులో తనకి తెలిసిన సంబంధాలన్నీ మనసులో తిరగేయడం మొదలుపెట్టింది.

సూపరింటెండెంట్ మేడం మమ్మల్ని టీ గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఈవిడ పని చూశారు కదా. ఈవిణ్ణి పోనివ్వకూడదండీ. ఊరు అలవాటు చెయ్యండి. తలా ఒక ఆదివారం తీసుకోండి."

కొత్తగా వచ్చినవాళ్ళకి ఊరు చూపించడం మా ఆస్పత్రిలో మొదటినుంచీ ఉన్న అలవాటే. ఈసారి దాన్ని డ్యూటీ చార్టులాగా వేసుకున్నాం. మొదటి ఆదివారం మేడంగారిది. పొద్దున్నే కారులో ద్వారకా తిరుమల దర్శనం, అటునుంచి గుంటుపల్లి గుహలు, తిరిగి వస్తూ పెదవేగిలో మేడంగారి చుట్టాల పామాయిల్ తోటలో భోజనం. ఆ తర్వాతి ఆదివారం ఫార్మసిస్టు కుటుంబం వంతు. గజ్జలవారి చెరువులో బుద్ధుడి విగ్రహం, తివాచీలు నేసేవాళ్ళ ఇల్లు, వాళ్ళింట్లో భోజనం, సాయంత్రం సినిమా. ఇంకో ఆదివారం ఆయా ఇంట్లో బొమ్మిడాయిల పులుసు. మధ్యలో ఎవరింట్లో పుట్టినరోజైనా, గృహప్రవేశమైనా ఆవిడే ముఖ్య అతిథి.

మా వైపు అతిథి వద్దండీ అంటే ఇంకాస్త బతిమాలమని అర్థం. వడ్డించే చేతిని మూడుసార్లైనా ఆపకపోతే ఆ మనిషి మొహమాటం లేనిదని చెప్పుకుంటాం. మూడుసార్లు ఆపినా ఆగకపోతే వడ్డించే మనిషికి మర్యాద తెలుసని చెప్పుకుంటాం. ఆవిడ వైపు వద్దంటే వద్దనేనట. ఇది మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆవిడ ఒకసారి వద్దనేవారు. మేం వడ్డించేవాళ్ళం. ఆవిడ తల వంచుకుని తినేవారు.

దసరా వెళ్ళాక నా వంతు వచ్చింది. నేను పొద్దున్నే మొదటి ఆరాధనకి చర్చికి వెళ్ళి వచ్చి, మా ఆయనతో కలిసి ఆవిణ్ణి వ్యానులో కొల్లేరు తీసుకెళ్ళాను. ముందు ఆటపాక పక్షుల కేంద్రం, తర్వాత కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి, ఆపైన కైకలూరులో మా ఆయన స్నేహితుడింట్లో భోజనం. మేం గుడికి వెళ్ళేవాళ్ళం కాదు, కానీ కొల్లేరు వచ్చిన చుట్టానికి అమ్మవారిని చూపించకపోతే చూపించినట్టు కాదు కదా.

ఆటపాకలో సంచుల్లాంటి ముక్కుల గూడబాతులు అప్పుడే గూళ్ళు కట్టుకుంటున్నాయి. నీళ్ళలో చచ్చిన చెట్ల మీదా, వాటికోసం నిలబెట్టిన ఇనప స్టాండ్ల మీదా ఎక్కడ చూసినా అవే. ఒకటి పుల్ల తెచ్చి పెట్టింది. పుల్ల జారి నీళ్ళలో పడింది. అది మళ్ళీ వెళ్ళి ఇంకో పుల్ల తెచ్చింది. డాక్టరుగారు రెయిలింగు పట్టుకుని అలా నిలబడిపోయారు.

"డాక్టరుగారూ, బయల్దేరదామాండీ? చేపలు చల్లారిపోతాయి" అన్నాను.

"ఇంకొంచెంసేపు ఉందాం సిస్టర్."

మొహమాటానికి అంటున్నారనుకున్నాను. పక్షుల్ని చూపించినందుకు మెచ్చుకోలుగా అలా అంటారు కదా మరి. చెయ్యి పట్టుకుని వ్యాను దగ్గరికి తీసుకొచ్చేశాను. వ్యాను ఎక్కాక కూడా ఆవిడ వెనక అద్దంలోంచి అటే చూస్తున్నారు. కొల్లేటికోటలో ఏం చూశారో, కైకలూరులో ఏం తిన్నారో ఆవిడకి గుర్తుండి ఉండదు.

దీపావళి వెళ్ళిన వారంలో ఆవిడ సూపరింటెండెంట్ మేడం గదిలోకి వెళ్ళి, నెలాఖరుకి మానేస్తానని చెప్పారు. కారణం అడిగితే సొంత కారణాలన్నారట.

టీ గదిలో తలుపు మళ్ళీ వేశారు. ఎవరి మొహంలోనూ నెత్తురు లేదు. దారిలో బిడ్డ పోయిన ఆ తల్లి మాట ఎవరూ ఎత్తలేదు గానీ అందరం ఆమె గురించే ఆలోచిస్తున్నామని నాకు తెలుసు. ఆలోచించి ఆలోచించి మేం తేల్చిందేమిటంటే, ఊరు సరిపోయేంత చూపించలేదని! విడివిడిగా తిప్పడం వల్ల సరదా లేకపోయిందన్నారు ఫార్మసిస్టు. వచ్చే ఆదివారం థియేటర్ స్టాఫ్ అంతా కలిసి, పెద్ద వ్యాను మాట్లాడుకుని, కొల్లేట్లో పడవ షికారు, మధ్యాహ్నం ఆకివీడులో ఆయా పుట్టింట్లో విందు పెట్టుకుందాం అన్నారు. ఆ పుట్టింటికి ఒక కుర్రాడి తరఫువాళ్ళు ఊరికే చూసిపోవడానికి వస్తారని ఆయా నా చెవిలో చెప్పింది. నేను కూడా సంతోషించాను. ఎందుకు దాచాలి?

శనివారం ఆవిడ నుంచి కబురు వచ్చింది. తలనొప్పిగా ఉంది, రేపు రాలేను, రేపు డ్యూటీకి కూడా అందుబాటులో ఉండను అని. పర్వాలేదమ్మా, విశ్రాంతి తీసుకోండి అని మేడం చెప్పి, తాడేపల్లిగూడెం డాక్టరుగారికి ఫోన్ చేసి ఆదివారం అవసరమైతే రమ్మని ఒప్పించారు.

తలనొప్పి మనిషిని ఇంట్లో ఒంటరిగా ఎలా వదిలేస్తాం చెప్పండి? షికారు మానుకున్నాం. ఆదివారం పొద్దున ఆయా మిరియాల చారు, నేను ఇడ్లీ, పచ్చడి, ఇంకా దారిలో తిందామని అప్పటికే వండేసిన పులిహోర, వేపుళ్ళు అన్నీ క్యారేజీల్లో పెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాం. తలుపుకి తాళం వేసి ఉంది. కింద వాటా ఇంటావిడ బయటికి వచ్చారు.

"డాక్టరమ్మగారాండీ? పొద్దున్నే గొడుగట్టుకుని బస్టాండుకెళ్ళారండి."

"తలనొప్పన్నారండీ మాకు!"

"తలనొప్పేటండీ, నవ్వుకుంటా వెళ్ళారు."

నాకు చాలా కోపం వచ్చింది. కోపం కన్నా చిన్నతనం ఎక్కువ అనిపించింది. మెట్ల మీద క్యారేజీలతో నిలబడిపోయాం. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. కైకలూరులో ఒక నర్సింగ్ హోమ్ నుంచి, అక్కడ పనిచేసే సిస్టర్. తను ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న పిల్లే.

"అక్కా, నెలలు నిండిన కేసు. మాయ కిందికి ఉంది, బాగా బ్లీడింగ్ అవుతోంది. విజయవాడ దాకా ఆగదక్కా. మీ దగ్గరికే పంపుతున్నాం."

నేను మెట్లు దిగుతూనే తాడేపల్లిగూడెం ఫోన్ చేశాను. డాక్టరుగారు లోపల ఆపరేషన్లో ఉన్నారు, అది సగంలో ఉంది, వదిలి రాలేరు అన్నారు. మా డాక్టరుగారి ఫోన్ స్విచాఫ్. మళ్ళీ చేశాను, మళ్ళీ స్విచాఫ్. మేడంకి చెప్పాను. "నేను థియేటర్‌కి వెళ్తున్నాను. ఆవిణ్ణి వెతకండి" అన్నారు.

"సినిమాకి వెళ్ళుంటారాండీ?" అంది ఆయా.

సినిమాకి పొద్దున్నే గొడుగుతో వెళ్ళరు. నవ్వుకుంటూ బస్సెక్కి వెళ్ళే చోటు ఆవిడకి ఈ చుట్టుపక్కల ఏముంది? మేం తిప్పిన చోట్లన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. అన్నిచోట్లా ఆవిడ మర్యాదగా తల ఊపారు. ఒక్కచోట మాత్రం, ఇంకొంచెంసేపు ఉందాం సిస్టర్, అన్నారు.

కైకలూరు పిల్లకి మళ్ళీ ఫోన్ చేసి అంబులెన్స్ డ్రైవరుకి ఇవ్వమన్నాను.

"బాబూ, బయల్దేరారా?"

"ఎక్కించేశామండి, బండి తీసేస్తన్నానండి."

"ఆటపాక పక్షుల దగ్గరికి తిప్పు బాబూ. అక్కడ మా మత్తు డాక్టరుగారు ఉంటారు. సన్నగా ఉంటారు, కళ్ళజోడు, గొడుగు. ఒక్కరే కూర్చుని ఉంటారు. ఎక్కించుకుని రా."

"లేకపోతేనండీ?"

లేకపోతే? పక్కకి తిరిగి వెళ్ళి, వెతికి, మళ్ళీ రోడ్డెక్కేసరికి పోయే సమయం ఆ తల్లి నెత్తురులోంచి పోతుంది. కానీ తిన్నగా వచ్చేసినా ఇక్కడ మత్తు ఇచ్చేవాళ్ళు లేరు.

"లేకపోతే ఒక్క క్షణం కూడా ఆగకుండా వచ్చెయ్" అన్నాను.

థియేటర్‌కి వెళ్ళి ట్రే సర్దాను, మళ్ళీ మొదటినుంచీ సర్దాను. అన్నేళ్ళ సర్వీసులో ఒక ట్రేని నేను రెండుసార్లు సర్దడం అదే మొదటిసారి. ఆ అమ్మాయికేమైనా అయితే పక్షుల దగ్గరికి అంబులెన్స్ పంపిన సిస్టర్‌ని నేనవుతాను. మేడం చేతులు కడుక్కుని, గ్లౌజులు వేసుకోకుండా నా వైపు చూస్తున్నారు.

తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"సిస్టర్, నేనే. డ్రైవరు ఫోన్ ఇది. రెండు చేతులకీ సెలైన్లు పెట్టాను. బీపీ తక్కువగా ఉంది కానీ నిలబడింది. బి పాజిటివ్ బ్లడ్ రెడీగా పెట్టించండి. పిల్లల డాక్టరుని పిలవండి. స్ట్రెచర్ గేటు దగ్గరే ఉండాలి. కొల్లేరు దాటుతున్నాం."

అన్ని మాటలు ఆవిడ నోటినుంచి ఒకేసారి రావడం నేనెప్పుడూ వినలేదు. నేను సరేనండీ అని మాత్రం అనగలిగాను. ఫోన్ పెట్టేసి ఒక్కసారి ఏడ్చాను. మేడం గ్లౌజులు వేసుకున్నారు.

అంబులెన్స్ తలుపు తీసేసరికి డాక్టరుగారు కింద మోకాళ్ళ మీద కూర్చుని, ఆ అమ్మాయి నుదుటి మీద చెయ్యి పెట్టుకుని ఉన్నారు. చీర అంచంతా గట్టు మీది బురద. అక్కడినుంచి మేం చేసింది రోజూ చేసే పనే, కాస్త తొందరగా చేశాం. ఆడపిల్ల. ఏడవడానికి బాగా ఆలోచించుకుంది గానీ, మొదలుపెట్టాక ఆపలేదు. సాయంత్రానికి తల్లి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది.

ఆ మధ్యలో డ్రైవరు నాతో చెప్పాడు. "నేను వెతకలేదండి. సైరను వినపడగానే ఆవిడే గట్టు మీంచి పరిగెత్తుకొచ్చారండి. నేను డాక్టర్ని, తలుపు తియ్యండన్నారు. నేను మీ పేరు చెప్పే టైము కూడా ఇవ్వలేదండి."

టీ గదిలో పొద్దున్నుంచీ క్యారేజీలు అలాగే ఉన్నాయి. డాక్టరుగారు వచ్చి కూర్చుని, ఎవరూ అడక్కుండానే ఒక పళ్ళెం తీసుకుని చల్లారిన పులిహోర వడ్డించుకుని తిన్నారు. ఆవిడ తనంతట తాను వడ్డించుకోవడం మేం చూడటం అదే మొదలు.

"తలనొప్పని అబద్ధం చెప్పాను. ఫోన్ కూడా ఆపుకోకుండా ఉండాల్సింది" అన్నారు.

"ఆపుకోకపోతే మేం వదిలేవాళ్ళమేటండీ" అన్నాను.

ఆవిడ నవ్వారు. తర్వాత పళ్ళెం పక్కన పెట్టి చెప్పారు. "సిస్టర్, ఊరు నచ్చక నేను వెళ్ళిపోవట్లేదు. మీరు ఊరు చూడనివ్వట్లేదని వెళ్ళిపోతున్నాను. సాయంత్రం కాలువ గట్టున నడుద్దామని బయల్దేరతానా, ఎవరో ఒకరు బండి ఆపి ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపుతారు. బుద్ధుడి విగ్రహం దగ్గర నాకెన్ని ఫోటోలు తీశారో, ఒక్క పది నిమిషాలు మాత్రం కూర్చోనివ్వలేదు. వారమంతా థియేటర్‌లో మీ మధ్యే ఉంటాను. ఆదివారం కూడా మీ మధ్యే. నేను ఈ ఊరికి వచ్చినట్టే లేదు."

మేడం తల వంచుకున్నారు. ఆయా మాత్రం తట్టుకోలేకపోయింది.

"అయితే మా పులుసు బాగోలేదాండీ?"

"పులుసు చాలా బాగుందమ్మా. నాలుగోసారి వడ్డిస్తేనే భయమేసింది."

ఆరోజే మేడం తీర్పు చెప్పారు. ఆదివారాలు డాక్టరుగారివి. ఎవరూ పిలవకూడదు, ఎవరూ కలవకూడదు, ఎమర్జెన్సీ ఉంటే తప్ప ఫోన్ చెయ్యకూడదు. ఎక్కడికి వెళ్ళినా ఫోన్ ఆపకుండా ఉంటే చాలని ఆవిడతో ఒప్పందం. నెలాఖరు మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తడానికి ధైర్యం లేదు.

పిల్లలూ, మీరు నమ్మండి నమ్మకపోండి, మనిషిని పిలవకుండా ఉండటమంత కష్టమైన పని నా సర్వీసులో నేను చెయ్యలేదు. మొదటి ఆదివారం అలవాటుకొద్దీ నలుగురికి వండేసి ఫోన్ ముందు కూర్చున్నాను. మా ఆయన విసుక్కున్నారు. ఆయా కాలువ గట్టున డాక్టరుగారు ఎదురు రావడం చూసి, పలకరించకుండా ఉండలేనని తెలిసి, ఆగి ఉన్న కొబ్బరికాయల లారీ వెనక్కి వెళ్ళి దాక్కుందట. లారీ కదిలిపోయింది. డాక్టరుగారు చూసి చెయ్యి ఊపి, తన దారిన తాను నడిచి వెళ్ళిపోయారట. అది చెబుతున్నప్పుడు ఆయా కళ్ళల్లో నీళ్ళు.

అయితే ఆ తర్వాత సోమవారాలు మాత్రం బాగుండేవి. ఆవిడ ఆదివారం ఏం చూశారో టీ తాగుతూ చెప్పేవారు. గుంటుపల్లిలో గుండ్రటి గుహలోకి పొద్దుటి వెలుగు ఎలా వస్తుందో ఆవిడ చెబుతుంటే మేం నోరు తెరుచుకుని విన్నాం. మేం ఎప్పుడు వెళ్ళినా టిఫిన్లు చేసి, దారిలో గుడి దగ్గర ఆగి, ఎండెక్కాక వెళ్ళినవాళ్ళమే. తివాచీలు నేసే ఇంట్లో ముసలాయన పక్కన కూర్చుని ఒక పువ్వు మొదలునుంచి చివరిదాకా నేయడం చూశారట. నేను పుట్టిన ఊరు గురించి నాకు అనంతపురం మనిషి చెబుతోంది. మొదట్లో కాస్త ఉక్రోషంగా ఉండేది. తర్వాత సోమవారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను.

నెలాఖరు రానే వచ్చింది. కేసు అయిపోయి డాక్టరుగారు చేతులు కడుక్కుంటుంటే సూపరింటెండెంట్ మేడం పక్కన నిలబడి, ఎంతో నెమ్మదిగా అడిగారు.

"డాక్టరుగారూ, మీరు నెలాఖరన్నారు కదండీ, మరి ఎలాగండీ?"

"ఇప్పుడే గుడ్లు పెట్టాయి మేడం. పిల్లలు ఎగిరేదాకా ఎక్కడికి వెళ్తాను?" అని ఆవిడ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

మేడం నన్ను పక్కకి లాగారు. "ఆ పిల్లలు ఎప్పుడెగురుతాయండీ?"

నేను కైకలూరు ఫోన్ చేసి కనుక్కుని వచ్చాను. "చలి తగ్గాక ఎగిరిపోతాయటండీ."

మేడం మొహం వాడిపోయింది. "ఆ తర్వాతో?"

"మళ్ళీ వానలు వెళ్ళాక వచ్చి గూళ్ళు కడతాయటండీ. ఏటా అంతేనట."

నేను రిటైరయ్యే నాటికి అవి ఎన్నిసార్లు వచ్చి గూళ్ళు కట్టాయో నేను లెక్కపెట్టలేదు. మత్తు డాక్టరు లేరని చెప్పి ఏ తల్లినీ ఆ తర్వాత మేం విజయవాడ పంపలేదు.